ముంబయి విమానాశ్రయమునుండి నాసిక్ ద్రాక్షతోటలకు

దూరప్రయాణము తలపెట్టినవారు పోవుటను గురించి నాలుగుదినములు ఆలోచింతురు. తిరిగివచ్చుటను గురించి నాలుగు నిమిషములైనను ఆలోచింపరు. పోయిన దారినే రావచ్చును గదా అని సరిపెట్టుకొందురు. అనేక ప్రయాణములలో ఈ ధీమా చెల్లును. కాని ద్రాక్షతోటలకు, అందులోను వైను తయారుచేయు తోటలకు పోవునపుడు ఇది చెల్లదు. ఉదయము బండి నడిపినవాడు సాయంకాలమునకు బండి నడుపదగిన స్థితిలో ఉండకపోవచ్చును. కనుక ఈ ప్రయాణమునకు వాహనము నెన్నుకొనునపుడు చివరినుండి మొదటికి లెక్క వేసికొనవలెనని మా మనవి. ఆ లెక్క ఎట్లు వేయవలెనో ముంబయి నాసిక్ దారిని ఉదాహరణముగా తీసికొని ముచ్చటింతుము.

నాసిక్ తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. రాజమహేంద్రవరమువద్ద మనము అఖండగోదావరియని చేతులెత్తి మ్రొక్కు నది, నాసిక్కునకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న త్ర్యంబకేశ్వరమువద్ద బ్రహ్మగిరిమీద పుట్టినది. అక్కడి సన్నని ధార మన ఊరు చేరునప్పటికి సముద్రమువలె కనబడును. పంచవటిని చూచుటకు, త్ర్యంబకమున అభిషేకము చేయించుటకు మన పెద్దలు తరతరములుగా ఆ ఊరికి పోవుచునే యున్నారు. ఆ యాత్రికులు తిరుగుదారిలో కొని తెచ్చుకొను ద్రాక్షపండ్ల బుట్టయే ఈనాటి మన ప్రసంగమునకు మూలము.

ద్రాక్షతీగయు తెలుగువారికి క్రొత్తది కాదు. ఒకనాడు హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు విరివిగా నుండెడివి. ఆ పెద్దగుత్తుల తెల్లద్రాక్షకు దేశమంతట పేరుండెను. నగరము పెరిగినకొలది ఆ పందిళ్లలో చాలభాగము ఇండ్లస్థలములైనవి. నాసిక్ జిల్లాలో మాత్రము ద్రాక్ష నానాటికి విస్తరించినది. నిఫాడ్, దిండోరి, పింపళ్‌గావ్ ప్రాంతములలో పండు తినుటకును, ఎండుద్రాక్షకును, విదేశములకు ఎగుమతికిని సాగగుచున్నది. వైనుకు సాగగునది ఇందులో కొద్దిభాగమే. వైనుద్రాక్ష తినుద్రాక్షవంటిది కాదు. కాయ చిన్నది, తోలు మందము, గింజలు మెండు. బజారులో దానిని మనకెవరైన ఇచ్చినచో తినుటకు పనికిరాదని తిరిగి యిచ్చివేయుదుము.

1990 దశాబ్దము చివర గంగాపూర్ జలాశయపు దరిని సూలా తోట నాటబడినది. 2000లో దాని మొదటి వైను అంగళ్లకు వచ్చినది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ద్రాక్షనుండి వైను చేయు పరిశ్రమలను ప్రోత్సహించుటకు ప్రత్యేకవిధానమును ప్రకటించినది. తరువాత తోటలు, వాటి ప్రక్కనే వైనుశాలలు పెక్కు వెలసినవి. నేడు వీటిని చూచుటకే ముంబయినుండియు, విదేశములనుండియు జనులు వచ్చుచున్నారు. వారందరును త్రాగువారే యని మనము భ్రమపడనక్కరలేదు. గుత్తులను పిండు యంత్రములు, రసము పులియు ఉక్కుతొట్లు, వైను నిలువయుంచు ఓకుకర్ర పీపాలు చూచి, చెరువుగట్టు గాలి పీల్చుకొని, చుక్కయు ముట్టక తిరిగి వచ్చు కుటుంబములు ఎన్నియో కలవు.

ఇక అసలు విషయము. ముంబయి విమానాశ్రయమునుండి నాసిక్ నగరము రోడ్డుమార్గమున సుమారు 165 లేక 170 కిలోమీటర్లు. పటము చూచినవారికి ఇది మూడుగంటల దారిగా తోచును. కాని పటమునకు తెలియని సంగతులు రెండు కలవు. మొదటిది ముంబయి నగరమునుండి బయటపడుట. థానే, భివండీ దాటువరకు గంట పట్టవచ్చును, రెండుగంటలును పట్టవచ్చును. రెండవది సహ్యాద్రి. కొంకణపు సముద్రతీరమునుండి సుమారు 600 మీటర్ల యెత్తుననున్న నాసిక్ పీఠభూమికి ఎక్కవలెనన్నచో కసారా ఘాటును దాటక తప్పదు. రైలైనను, కారైనను, బస్సైనను ఈ రెండింటికి సుంకము చెల్లింపవలసినదే. ఎవరికి ఎంత సుంకము పడునో చూతము.

ముందుగా ఒక హెచ్చరిక. ముంబయిలో నేడు విమానాశ్రయములు రెండు. పాతదైన ఛత్రపతి శివాజీ మహరాజ్ విమానాశ్రయము నగరమునందే యున్నది. 2025 డిసెంబరునుండి నవీ ముంబయిలో రెండవదానినుండియు విమానములు నడుచుచున్నవి. మీ టిక్కెట్టుమీద ఏ విమానాశ్రయము వ్రాసియున్నదో చూచుకొనకుండ బండి కుదుర్చుకొనుట చిక్కులకు మూలము. మేము చెప్పబోవు లెక్కలు పాతవిమానాశ్రయమునకు సంబంధించినవి.

మొదట రైలు. 1853లో ముంబయి థానేలమధ్య మనదేశపు మొదటి ప్రయాణీకులరైలు నడచినది. పండ్రెండేండ్లలోపుననే, 1865లో, ఇనుపదారి కసారా ఘాటు నెక్కి ఇగత్పురి చేరినది. ఆ దారిలో వాలు ఎంతయనగా, 37 అడుగులు ముందునకు సాగునంతలో ఒక అడుగు పైకి లేచును. రైలుదారికి ఇది మిక్కిలి నిట్రమైన వాలు. అందువలన కసారావద్ద చాలరైళ్లకు వెనుకప్రక్క అదనపు ఇంజనులను తగిలింతురు. ముందున్న ఇంజను లాగుచుండగా వెనుకనున్నవి నెట్టును. పెట్టెలో కూర్చున్నవారికి ఒక చిన్న కుదుపు తెలియును. కిటికీప్రక్క నున్నవారికి సొరంగములు, లోయలు, వానకాలమైనచో కొండచరియలనుండి దూకు జలపాతములు కనబడును. ఈ పదునాలుగు పదునైదు కిలోమీటర్లకొరకే రైలెక్కినను పైకము వృథా కాదు.

2023 ఫిబ్రవరి 10వ తేదీన ముంబయినుండి సాయినగర్ షిర్డీకి వందే భారత్ రైలు ఆరంభమైనది. ఇది వెనుకనుండి నెట్టు ఇంజనుల సహాయము లేకయే ఘాటు నెక్కును. ఉదయము ఆరుగంటలు దాటిన కొద్దిసేపటికి సి.ఎస్.ఎం.టి.లో బయలుదేరి, దాదర్, థానేలలో ఆగి, తొమ్మిదిగంటల ప్రాంతమున నాసిక్ రోడ్డు చేర్చును. సాయంకాలము ఏడు దాటిన తరువాత నాసిక్ రోడ్డుకు తిరిగివచ్చి, రాత్రి పదకొండులోపున ముంబయి చేర్చును. అనగా ఉదయముపోయి రాత్రికి తిరిగి రాగోరువారికి పగలంతయు నాసిక్కులో దక్కును. వేళలు మారుచుండును గనుక బయలుదేరుటకుముందు మరల చూచుకొనవలెను. పంచవటి ఎక్స్‌ప్రెస్ మరొక పేరుమోసిన రైలు. కాని అది నాసిక్కువారి సౌకర్యమునకై ఏర్పడినది. ఉదయము ముంబయికి వచ్చి సాయంకాలము తిరిగిపోవును. మధ్యాహ్నము విమానము దిగినవారికి ఆ సాయంకాలపురైలు అక్కరకు వచ్చును. ఇవిగాక ఉత్తరదేశమునకు పోవు దూరపురైళ్లు చాలవరకు ఈ దారినే పోవును.

రైలులో ఉన్న చిక్కు రైలులో లేదు, రైలుదాక పోవుటలో నున్నది. విమానాశ్రయమున రైలుస్టేషను లేదు. అయినను 2025 అక్టోబరులో మూడవ మెట్రోమార్గము పూర్తిగా తెరువబడినపిదప ఈ చిక్కు చాల తగ్గినది. ఆ మార్గము నేలక్రిందనే పోవుచు విమానాశ్రయపు రెండు టెర్మినళ్లవద్దను, దాదర్‌లోను, సి.ఎస్.ఎం.టి.లోను ఆగును. చేతిసంచితో వచ్చినవారికి ఇంతకన్న సుళువైన దారి లేదు. కాని మెట్రో ఉదయము సుమారు ఆరుగంటలకుగాని మొదలు కాదు గనుక ఉదయపు వందే భారత్‌ను అందుకొనుటకు అది పనికిరాదు. దానికి టాక్సీలో దాదర్‌కో థానేకో పోవలెను. మరోల్ నాకావద్ద మొదటి మెట్రోమార్గమునకు మారి, ఘాట్‌కోపర్‌లో దిగి, లోకల్ రైలులో థానేకు పోవు దారియు కలదు. అది చవుక. కాని రెండు పెద్దపెట్టెలతో, ముసలివారితో, ఆఫీసువేళలో ముంబయి లోకల్ రైలెక్కుట సాహసకార్యము. అట్టి సాహసమునకు మేము ఎవరిని ప్రోత్సహింపము.

రైలునుగూర్చి మరొకమాట. విమానము ఆలస్యమైనచో రైలు మనకొరకు ఆగదు. విమానము దిగుటకును రైలు కదలుటకును నడుమ దేశీయవిమానమైనచో మూడుగంటలు, విదేశీవిమానమైనచో అయిదుగంటలైన ఉంచుకొనుట వివేకము. రిజర్వేషను ప్రయాణమునకు 60 దినములముందు ఆరంభమగును. శని ఆదివారములకు సీట్లు త్వరగా నిండును. రిజర్వేషను లేక ఘాటు రైళ్లలో నిలుచుండి పోవుట పిల్లలకు, పెద్దలకు కష్టము.

రెండవది కారు. విమానాశ్రయపు గుమ్మమువద్ద ఎక్కి తోటగుమ్మమువద్ద దిగవచ్చుననునది దీని గొప్ప. నలుగురు కలిసి పోవునపుడు తలకు పడు ఖర్చు మరీ ఎక్కువ కాదు. పాత ఆగ్రా రోడ్డు థానే, భివండీ, షహాపూర్‌ల మీదుగా పోయి కసారా ఘాటు నెక్కును. 2025 జూన్ 5వ తేదీన నాగపూర్ ముంబయి సమృద్ధి మహామార్గపు కడపటిభాగము, ఇగత్పురినుండి భివండీసమీపమున ఆమనే వరకు 76 కిలోమీటర్లు, తెరువబడినది. 701 కిలోమీటర్ల ఆ మహామార్గము దీనితో పూర్తియైనది. ఈ భాగములో సుమారు ఎనిమిది కిలోమీటర్ల సొరంగమున్నది. కసారా ఘాటు మలుపులను తప్పించి కొండను తొలుచుకొనిపోవును. ఆమనేనుండి ఇగత్పురి చేరుటకు ఒకప్పుడు గంటన్నర పట్టుచుండగా నేడు ముప్పాతికగంట చాలును. ఇగత్పురినుండి నాసిక్ ఇంకను 45 కిలోమీటర్లు. టోలురుసుము ఎక్కువే, కాని వానకాలములో పొగమంచు క్రమ్మినపుడు ఘాటురోడ్డున ప్రయాణము చేసినవారెవరును ఈ రుసుమునకు విసుగుకొనరు. ఒక్కసంగతి మరువరాదు. ఈ మహామార్గము ఆమనేవద్ద మొదలగును. విమానాశ్రయమునుండి ఆమనేవరకు ముంబయి, థానేల రద్దీ యథాతథముగా నుండును.

టాక్సీ కుదుర్చుకొనునపుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. బాడుగ ఒకవైపుదా, ఖాళీగా తిరిగివచ్చు దూరముకూడ కలిపినదా? టోలు అందులో చేరినదా? డ్రైవరు బత్తెము, రాత్రి రుసుము వేరా? దినమునకు ఇన్ని కిలోమీటర్లకు తగ్గకుండ లెక్క వేయుదురా? తోటవద్ద నిలిచిన గంటలకు ఏమి తీసికొందురు? వీటిని బండి ఎక్కకముందే అడిగి, ఒక కాగితముమీదనో ఫోనులోనో వ్రాయించుకొన్నచో దిగునపుడు వాదము రాదు. బండి ఎక్కిన తరువాత బేరమాడువాడు చెరువులో దిగిన తరువాత లోతు కనుగొనువానివంటివాడు.

ఇంతకన్న ముఖ్యమైన ప్రశ్న మరొకటి కలదు. దానిని మనలో చాలమంది అడుగరు. నాయనా, నీవు నిద్రపోయి ఎంతసేపైనది? విదేశములనుండి వచ్చు విమానములు చాలవరకు అర్ధరాత్రి దాటిన తరువాత దిగును. రెండుగంటలకు సామాను చేతికి వచ్చును, మూడుగంటలకు టాక్సీ బయలుదేరును. రోడ్డు ఖాళీగా నుండునని మనము సంతోషింతుము. కాని పగలంతయు నగరములో బండి నడిపిన డ్రైవరు, తెల్లవారుజామున నాలుగుగంటలకు, అందరును వెనుకసీట్లలో నిద్రించుచుండగా, ఒక్కడే మేలుకొని ఘాటుకు చేరును. నిద్ర అడిగి రాదు. అట్టివేళ విమానాశ్రయముననో, దగ్గరి వసతిగృహముననో తెల్లవారువరకు విశ్రమించి బయలుదేరుట మేలు. ఆ నాలుగుగంటల ఆలస్యము నష్టము కాదు. పదునాలుగు, పదునాఱుగంటలు విమానములో కూర్చుండి వచ్చినవారు తామే స్టీరింగు పట్టుకొనుట మరియు ప్రమాదము. వారి గడియారము ముంబయిలో నున్నను వారి దేహము ఇంకను వచ్చినచోటనే యుండును.

మూడవది బస్సు. రాష్ట్రరవాణాసంస్థ బస్సులు, ప్రైవేటు బస్సులు ముంబయి, థానేలనుండి దినమంతయు నడచుచుండును. రిజర్వేషను దొరకనివారికి, వేళకు కట్టుబడలేనివారికి ఇవి ఉపకరించును. ఒకటి పోయినచో మరొకటి వచ్చును. నాసిక్కులో ముంబయి నాకావద్దనున్న మహామార్గ్ బస్‌స్టాండులో దింపును. అది నగరమధ్యమునకు దగ్గర. నాసిక్ రోడ్డు రైలుస్టేషను నగరమునకు తొమ్మిది పది కిలోమీటర్ల దూరముననున్నదని గుర్తుంచుకొన్నచో బస్సునకు ఇక్కడ కొంత మార్కు ఎక్కువ వేయవలెను. మిక్కిలి చవుకదారి ఒకటి కలదు. ముంబయి లోకల్ రైళ్లలో కొన్ని కసారావరకు పోవును. అక్కడ స్టేషను బయట నాసిక్కునకు పోవు షేరుటాక్సీలుండును. విద్యార్థులకు, చిన్నజీతములవారికి ఈ దారి బాగుగ తెలియును. సామాను లేనివారికే ఇది తగును.

మన ప్రాంతమునుండి బయలుదేరువారు మరొకసంగతి గమనింపవలెను. సికిందరాబాదు మీదుగా ముంబయికి పోవు దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదు, మన్మాడుల మీదుగా నాసిక్ రోడ్డులో ఆగి మరీ పోవును. ముంబయిలో పనిలేనివారు విమానములో ముంబయి చేరి మరల నూట డెబ్బది కిలోమీటర్లు వెనుకకు వచ్చుట చుట్టుదారి. విమానము గంటన్నరలో చేర్చుననుమాట నిజమే. కాని ఇంటినుండి విమానాశ్రయమునకు, అక్కడ తనిఖీలకు, ముంబయినుండి నాసిక్కునకు పట్టు గంటలన్నియు కూడి చూచినచో, రాత్రి రైలులో పండుకొని పోయినవాడు ఏమంత వెనుకబడడు.

ఇప్పుడు నాసిక్ చేరితిమనుకొందము. చాలమంది ప్రయాణము ఇక్కడితో ముగిసినదనుకొందురు. నిజమునకు ఇక్కడనే మొదలగును. తోటలన్నియు ఒక్కచోట లేవు. సూలా మొదలైన కొన్ని నగరమునకు పడమట గంగాపూర్ జలాశయపు దిక్కున, పదిపండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్నవి. కొన్ని ఉత్తరమున దిండోరి దారిలో, కొన్ని తూర్పున నిఫాడ్, వించూర్ దిక్కున, మరికొన్ని ఇగత్పురి, ఘోటి పరిసరములలో కొండలనడుమ నున్నవి. ఒకదానినుండి మరొకదానికి పోవలెనన్నచో ఇరువది, ముప్పది, ఏబది కిలోమీటర్లు తిరుగవలెను. కనుక ఏ తోట చూడవలెనో ముందు నిశ్చయించుకొని, తరువాత రైలో బస్సో నిశ్చయించుకొనవలెను. ఇగత్పురి ప్రాంతపు తోటకు పోవువారు నాసిక్ రోడ్డుదాక పోయి వెనుకకు రానక్కరలేదు. ఇగత్పురిలో ఆగు రైలునే ఎన్నుకొని అక్కడనే దిగవచ్చును. ఒకే దినమున నాలుగుదిక్కుల తోటలు చూడబూనువారు తోటలను గాక రోడ్లను చూచివత్తురు. దినమునకు రెండు తోటలు చాలును.

నాసిక్కులో ఆటోలు, టాక్సీలు దొరకును. తోటకు పోవుటకు ఎవరైనను వత్తురు. చీకటి పడినతరువాత తోటనుండి తీసికొనివచ్చువారే దొరకుట కష్టము. ఊరిబయట, పొలములనడుమ, ఫోనులో పిలిచిన బండి ఎంతసేపటికిని రానివేళ మన ప్రణాళికలోని లోపము మనకు తెలియును. అందుచేత పోవునపుడే రానుపోను కుదుర్చుకొని, నిలిచియుండుటకు తగిన ప్రతిఫలము ఒప్పుకొనవలెను. కొన్ని తోటలలో బసయు కలదు. రాత్రి అక్కడనే యుండి ఉదయము బయలుదేరువారికి ఈ బెంగయే యుండదు.

ఇక మేము మొదట చెప్పిన మాటకు వచ్చుచున్నాము. వైనుశాలలో రుచిచూపుట యనగా అయిదారు రకములను కొద్దికొద్దిగా పోయుదురు. ఒక్కొక్కటి రెండు మూడు గుటకలే గదా అని తోచును. కాని అన్నియు చేరునది ఒకే కడుపులోనికి. మధ్యాహ్నభోజనముతో మరొకగ్లాసు, సాయంకాలము చెరువుపై సూర్యాస్తమయము చూచుచు ఇంకొకగ్లాసు. ఆ తరువాత ఒకరు లేచి, నాకేమియు కాలేదు, నేను నడపగలనని తాళపుచెవి తీసికొందురు. ఏమియు కాలేదనుకొనుటయే ఏదో అయినదనుటకు మొదటిగుర్తు. మజ్జిగ త్రాగినను, నిమ్మకాయ చీకినను, చన్నీళ్లు ముఖమున చల్లుకొన్నను, కాఫీమీద కాఫీ త్రాగినను రక్తములోనికి చేరిన మద్యము త్వరగా పోదు. దానిని పోగొట్టునది కాలమొక్కటే. నిపుణులైన పరీక్షకులు వైనును నోటబట్టి రుచి తెలిసికొని ఉమ్మివేయుదురు, అందుకై పాత్రలుంచుదురు. అట్లు చేయుట మర్యాదకు లోపము కాదు.

చట్టముకూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1988 మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, నడుపువాని రక్తములో నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో అది నేరము. 2019లో సవరింపబడినపిదప మొదటి నేరమునకు ఆరునెలలవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రెండవసారికి రెండేండ్లవరకు ఖైదు, 15,000 రూపాయల జరిమానా. మహారాష్ట్రలో 21 ఏండ్లు నిండనివారికి వైను పోయరాదు. జరిమానా కట్టి మరచిపోవచ్చును. ఘాటుమలుపులో ఎదురుగవచ్చు లారీకి జరిమానాయన్నమాట తెలియదు. ఆ దారిలో మన బండియే కాదు, త్ర్యంబకమునకు కాలినడకను పోవు యాత్రికులు, ఉల్లిబస్తాలతో పోవు బండ్లు, చీకటిలో ఇల్లుచేరు కూలీలు కూడ నుందురు. మన వినోదమునకు వారు మూల్యము చెల్లింపరాదు. వాహనపు ఎంపిక సౌకర్యమునకు, ఖర్చునకు సంబంధించినదే కాక ధర్మమునకు కూడ సంబంధించినదని మేము చెప్పుటకు కారణమిదియే.

బాడుగబండిలో పోయినవారికి ఈ చింత లేదని అనుకొనవచ్చును. కొంత నిజమే. కాని ఆ డ్రైవరును తోటబయట ఎండలో ఆరుగంటలు నిలిపి, భోజనము మాట మరచి, రాత్రి తొమ్మిదింటికి ముంబయికి పోనిమ్మనుట న్యాయము కాదు. అతనికి వేళకు అన్నము పెట్టించి, గంటసేపు కన్నుమూయనిచ్చినచో అది దయ మాత్రమే కాదు, మన ప్రాణములకు మనము కట్టు భీమా. సరదాకైన అతనికొక గ్లాసు ఇవ్వరాదని వేరే చెప్పనక్కరలేదు.

ఋతువునుకూడ గమనింపవలెను. ఐరోపాలో ద్రాక్ష శరత్కాలమున కోయుదురు. నాసిక్కులో జనవరినుండి మార్చివరకు కోతకాలము. వానలు వెనుకబడిన తరువాత సెప్టెంబరు, అక్టోబరులలో కొమ్మలు కత్తిరించినచో చలికాలమున పండు వచ్చును. కనుక తీగమీద గుత్తులు చూడగోరువారు సంక్రాంతి వెళ్లినపిదప పోవలెను. అప్పుడే జనసమ్మర్దమును ఎక్కువ. శని ఆదివారములు మానుట మంచిది. జూన్‌నుండి సెప్టెంబరువరకు తీగలమీద పండ్లుండవు, కాని కొండలన్నియు పచ్చబడును. ఆ కాలమున మేము రైలునే ముందుచెప్పుదుము. శ్రావణసోమవారములలో త్ర్యంబకపుదారి క్రిక్కిరిసి యుండును. 2027లో సింహస్థ కుంభమేళా వచ్చుచున్నది; పర్వస్నానముల దినములలో తోటలకై పోవుట మానుటయే మేలు.

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరింతము. ఒక్కరో ఇద్దరో, చేతిసంచులతో, పగటివేళ దిగువారు మెట్రోలో స్టేషనుకు పోయి రైలెక్కుడు. నాసిక్కులో స్థానికపుబండి మాటలాడుకొనుడు. ముసలివారు, పసిపిల్లలు, పెట్టెలు ఉన్నకుటుంబము టాక్సీలోనే పోవచ్చును. సమృద్ధి మహామార్గపు టోలునకు వెనుకాడవలదు. రైలు దొరకనివారికి బస్సు ఎప్పుడును తోడుండును. అర్ధరాత్రి దిగినవారు ఏ బండినైనను తెల్లవారిన తరువాతనే ఎక్కవలెను. సొంతముగ కారు నడుపుకొని పోవువారు, బయలుదేరకముందే, ఈ దినమున చుక్కయు ముట్టనివారెవరో నిశ్చయించుకొనవలెను. అట్టివారు లేనిచో కారు ఇంటనే యుంచవలెను. తిరుగువిమానమున్న దినముననే నాసిక్కులో బయలుదేరవలసివచ్చినచో, దారికి పట్టు కాలమునకు మూడుగంటలు చేర్చికొనవలెను. వైనుసీసాలు కొన్నవారు వాటిని పెట్టెలో బట్టలనడుమ భద్రపరచుకొని, తమ రాష్ట్రపు ఎక్సైజు నిబంధనలు ముందే తెలిసికొనవలెను.

ఏ వాహనము మేలైనదని అడిగినచో మా సమాధానమొక్కటే. మిమ్ములను తోటకు ముందుగా చేర్చునది కాదు, మీ అందరిని, దారిలో ఎవరికిని హాని లేక, ఇంటికి తిరిగి చేర్చునదే మేలైన వాహనము. ముందు రాకను కుదుర్చుకొనుడు; పోక దానియంతటదే కుదురును.